అద్దుడు కాగితం మీద నా నెత్తురు రంగు

నేను బలపాలు తినేదాన్ని. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నాయినకు చెప్పలేదు, అవ్వకు చెప్పలేదు. "మట్టిగానీ సున్నంగానీ తినాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగిన డాక్టరమ్మ ముందు కూడా తల అడ్డంగానే ఊపాను. నా డైరీలో కూడా ఆ రోజుల్లో "ఈ పూట తలనొప్పి" అని మాత్రమే రాసుకున్నాను. ఇప్పుడు జబ్బు తగ్గింది. సిగ్గు కూడా కొంచెం తగ్గింది. నాలాంటి పిల్ల ఎవరైనా తలుపు చాటున నిలబడి బలపం కొరుకుతూ ఉంటే ఆమెకు పనికివస్తుందని ఇదంతా రాస్తున్నాను.

మాది కోస్గి దగ్గర పల్లె. నాయిన గొర్లు కాస్తాడు. నా ఎనిమిదో ఏట అమ్మ పోయింది. మంద వెంట నెలల తరబడి తిరిగే నాయిన నన్ను మిషన్ వాళ్ల బడిలో, బోర్డింగులో చేర్చాడు. "కురుమోని బిడ్డకు సదువెందుకురా, గొర్లకు పాఠం జెప్పనీకా?" అని కులంలో అందరూ నవ్వారు. నాయిన నా పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచాడు. ఆయన ఎవరికీ జవాబు చెప్పే మనిషి కాదు. నాకు ఆయన పోలికే వచ్చింది. పదిహేడేళ్లు నిండాక అదే బడిలో చిన్నపిల్లలతో అక్షరాలు దిద్దించే పని ఇచ్చారు.

బలపాల డబ్బా నా దగ్గరే ఉండేది. మొదట విరిగిన ముక్కను ఊరికే నోట్లో పెట్టుకున్నాను. తొలకరి చినుకు పడ్డప్పటి మట్టి వాసన నాలుక మీదికి వచ్చినట్టుంది. వారం తిరిగేసరికి రోజుకు రెండు కావలసివచ్చాయి. బడి పెద్ద సుగుణమ్మ పంతులమ్మ ఒకనాడు డబ్బా కదిపి చూసింది.

"ఏమే బీరమ్మా, బల్పాలు గిట్ల తగ్గుతున్నయేంది?"

"ఎలుకలేమో అమ్మా."

"బల్పాలు తినే ఎలుకలా! మన బడిల ఎలుకలు గూడ సదువు మొదలువెట్టినయన్నట్టు."

మర్నాడు ఎక్కణ్నుంచో ఒక పిల్లిని తెచ్చింది. ఆ పిల్లి రోజంతా నా ఒళ్లోనే పడుకునేది. దాని ముఖం చూడలేక చచ్చాను.

రోహిణి కార్తె

ఆ ఎండాకాలంలోనే హైదరాబాదు నుంచి ఉత్తరం వచ్చింది. దసరాకు మొదలయ్యే పంతులమ్మల ట్రైనింగుకు మా వైపు నుంచి ఒక్క అమ్మాయిని తీసుకుంటారు. సుగుణమ్మ పంతులమ్మ నా పేరు రాసి పంపింది. రెండేళ్లు అక్కడే ఉండి చదవాలి. అక్కడ ఒక గది నిండా పుస్తకాలున్నాయని విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు. కాని ఒక షరతు ఉంది. మహబూబ్‌నగరంలో మిషన్ దవాఖానకు పోయి దేహపరీక్ష చేయించుకుని, డాక్టరమ్మ సంతకం పెట్టిన కాగితం తేవాలి.

"ఫికర్ వడకు" అన్నది పంతులమ్మ. "మాకు గూడ ఏడాదికొకసారి చేస్తరు. తూకం చూస్తరు, కండ్లు చూస్తరు, నెత్తురు చూస్తరు. బతికున్నమని రాసిస్తరు, గంతే."

నా ఫికర్ నాది. అప్పటికే బడి మెట్లు నాలుగెక్కితే గుండె చెవుల్లో రోకలి దంచేది. కడవ ఎత్తుకుంటే కళ్ల ముందు నల్లచుక్కలు ఎగిరేవి. పిల్లలు "గట్టిగ జెప్పు అక్కా" అనేవాళ్లు, గట్టిగా చెప్పడానికి నాలో గాలి ఉండేది కాదు. రెండేళ్ల కిందట బోర్డింగులో ఒక అమ్మాయికి దగ్గు తగ్గకపోతే క్షయ అని ఇంటికి పంపేశారు, ఆమె చాప తగలబెట్టారు. ఆ పొగ నాకు గుర్తుంది. నాకు దగ్గు లేదు. అయినా క్షయ అనే మాట లోపల ఎక్కడో కూర్చుని ఉండేది.

బడి అలమరలో ఒక పాత వైద్యం పుస్తకం ఉంది. ఎవరూ లేనప్పుడు తీసి చదివాను. పొద్దు గూకేసరికి నాకు ఏడు జబ్బులున్నాయని తేలింది. అందులో ఒకటి మగవాళ్లకే వస్తుందని తర్వాతి పేజీలో ఉంది. చదువుకున్నవాళ్లకు భయం కూడా వివరంగా పడుతుందని ఆ రోజు తెలిసింది.

మృగశిర

బడి తెరవడానికి ఇంకా రోజులున్నాయి. ఇంటికి పోయాను. వానలు పడక ముందే గొర్ల ఉన్ని కత్తిరించాలి. మా ఇంట్లో అదొక పండుగ లాంటిది. నాయిన ఒక్కొక్క గొర్రెను పట్టి పడేస్తాడు. ముందు పళ్లు చూస్తాడు, నడుం పిసికి కండ ఎంతుందో చూస్తాడు, కింది రెప్ప బొటనవేలితో గుంజి లోపలి రంగు చూస్తాడు. ఆ తర్వాతే కత్తెర. నేను కాళ్లు పట్టుకుంటున్నాను.

"గిది చూడు, లోపల తెల్లగున్నది" అన్నాడు ఒకదాన్ని చూసి. "కడుపుల పురుగున్నది దీనికి. పక్కకు గుంజి కట్టు."

దాన్ని నేను గుంజలేదు, అదే నన్ను గుంజింది. నాలుగడుగులు వేసి దాని మీదే కూలబడ్డాను. పక్కన చుట్ట తాగుతున్న అవ్వ పకపకా నవ్వింది. "ఎవరు గొర్రె, ఎవరు బిడ్డనో తెలుస్తలేదు గదరా!"

నాయిన నవ్వలేదు. చేతులు పంచెకు తుడుచుకుని వచ్చి, నా ముఖం పట్టుకుని, కింది రెప్ప గుంజాడు. ఆయన బొటనవేలు ఉన్ని జిడ్డు వాసన వేస్తోంది. ఒక కన్ను చూశాడు. రెండోదీ చూశాడు.

"అమ్మా, గిటు రా. పోరి కన్ను సున్నం గొట్టినట్టున్నది."

అవ్వ వచ్చి చూసింది. "దిష్టిరా. ఈడొచ్చిన పిల్లను పుస్తకాలల్ల కూసోవెడితే దిష్టి తాకదా? పెండ్లి జెయ్యి, నెత్తురు అదే వస్తది."

"పెండ్లి జేస్తే ఉన్న నెత్తురు పోతది గని, కొత్తది వస్తదా?"

నాయిన అంత పెద్ద మాట మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అవ్వ కూడా వినలేదు కాబోలు, చుట్ట ఆరిపోయింది.

కత్తిరింపు అయిపోయాక నా పక్కన కూర్చున్నాడు. చాలాసేపు నేల గీరుతూ ఉండి అన్నాడు: "గొర్లను ఏడాదికి రెండు మార్లు కన్ను గుంజి చూస్త. ఒక్కదాన్ని ఇడువ. నిన్నెప్పుడు చూసిన బిడ్డా? మీ అమ్మ పోయిన సంది నిన్ను చూడనే లేదు."

ఎవరితోనూ చెప్పవద్దని బతిమాలుకున్నాను. దవాఖానలో తెలిస్తే సంతకం పెట్టరు, నా చోటు ఇంకొకరికి పోతుంది. ఆయన లేచి, కత్తిరించిన ఉన్ని మూట కట్టసాగాడు.

ఉపాయం చెప్పింది అవ్వ. నా చదువంటే ఆమెకు గిట్టదు. కాని తన మనుమరాలిని బక్కదని తిప్పి పంపితే అది ఆమె పరువుకు సంబంధించిన సంగతి. సంతకు తోలే ముందు గొర్లకు ఉప్పు తినిపించి కడుపు నిండా నీళ్లు తాగిస్తారు. బక్కది కూడా నిండుగా కనబడుతుంది, బరువు తూగుతుంది. "తూకం మంచిగొస్తే మిగతావి ఎవరు చూస్తరు?" అన్నది అవ్వ.

దవాఖాన

ముగ్గురం బండి మీద, తర్వాత బస్సులో మహబూబ్‌నగరం పోయి దవాఖాన సత్రంలో దిగాం. పొద్దున్నే అవ్వ కొంగుముడి విప్పి ఉప్పు దట్టించిన పుట్నాలు పెట్టింది. గుప్పెడు, ఇంకో గుప్పెడు. ఆ పైన రెండు చెంబుల నీళ్లు.

"ఇంక పట్టదు అవ్వా."

"పడ్తది తాగు. పొట్టేలు తాగుతది, నీకేం రోగం?"

"రోగం ఉందనే గదా వచ్చినం" అన్నాను. నాయిన అటు తిరిగి గోడ చూస్తూ నిలబడ్డాడు.

లోపల పొడుగు బల్ల మీద ఆడవాళ్లు వరుసగా కూర్చున్నారు. ఫినాయిలు వాసన. గోడ గడియారం ఎంత చూసినా కదిలేది కాదు. ఒక గంట అయ్యేసరికి నాకు క్షయ సంగతీ గుర్తులేదు, హైదరాబాదూ గుర్తులేదు. ఒకటే బాధ, అది ఏమిటో ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు. కాళ్లు ముడుచుకుని, పెదవి కొరుక్కుని కూర్చున్నాను. నా పక్కన బురఖాలో ఉన్న పెద్దావిడ నన్ను చూసి, "ఏమైంది బేటీ?" అని అడిగింది. కాళ్లు ఇంకా దగ్గరికి ముడుచుకున్నాను. ఆమే అర్థం చేసుకుంది. "జర నువ్వు ముందు పో. నా బీమారీ పాతది, ఇంకో గడియ ఆగుతది" అని తన చీటీ నాకిచ్చి, నా చీటీ తీసుకుంది. ఆమె ముఖం కూడా నేను సరిగా చూడలేదు. చేతికి నల్ల గాజులున్నాయి.

నర్సమ్మ నన్ను ఇనుప కాంటా మీద నిలబెట్టి తూకం రాసింది. పొడుగు కొలిచింది. డాక్టరమ్మ కళ్లద్దాల సన్నపాటి మనిషి, కోస్తా వైపు ఆవిడ. పడుకోబెట్టి నా పొట్ట మీద వేళ్లతో తట్టింది. గుడగుడమంది.

"ఇదేంటమ్మా, చెరువు మింగి వచ్చావా?"

ఆ గదిలో నేను నోరు తెరిచి అన్న మొదటి మాట: "బయటికి పోవాలె."

"వెళ్లు, వెళ్లు. ఈ సీసా కూడా పట్టుకెళ్లు. దానికీ పరీక్ష ఉంది."

తిరిగివచ్చాక డాక్టరమ్మ నన్ను మళ్లీ కాంటా ఎక్కించింది. సేరు బరువు తగ్గాను. ఆమె తలుపు తీసి మావాళ్లను పిలిచింది.

"ఈ నీళ్ల సలహా ఎవరిది?"

నాయిన తల దించుకున్నాడు. అవ్వ మాత్రం కొంగు సర్దుకుని ముందుకు వచ్చింది. "సంతల గొర్రెకు గట్లనే తాపుతరమ్మా. అందరు జేసేదే, తప్పేమున్నది?"

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి మరీ నవ్వింది. కళ్లు తుడుచుకుని అన్నది: "ఇక్కడ కొనేవాళ్లు ఎవరున్నారు మామ్మగారూ? మీ పిల్లను మీకే చూపిస్తున్నాను."

తర్వాత నా వేలు పొడిచి, ఒక నెత్తురు చుక్కను అద్దుడు కాగితం మీద పెట్టింది. పక్కన ఒక పట్టీ పెట్టింది. అందులో గడులు గడులుగా ఎర్రరంగులు, ఒక కొస చిక్కటి ఎరుపు, రానురాను పలచన. నా చుక్కను ఒక్కో గడి పక్కన పెట్టి చూస్తూ కిందికి దిగింది. దిగుతూనే పోయింది. చివరి నుంచి రెండో గడి దగ్గర ఆగింది. ఉతికి ఉతికి వెలిసిన రవిక రంగు. అది నాదంటే నమ్మబుద్ధి కాలేదు.

నాయిన వంగి చూశాడు. "గిదే రంగు. పోరి కంట్లె నేను చూసింది గిదే."

"కంట్లోనా? ఎలా చూశారు?"

ఆయన చేసి చూపించాడు. డాక్టరమ్మ కూడా అలాగే నా రెప్ప గుంజింది. ఇద్దరూ తలలు ఆనించి నా కంట్లోకి చూస్తుంటే నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"నాకంటే ముందే మీరు పరీక్ష చేశారు. మరి దాచారెందుకు?"

"బిడ్డకు పోవాలెనని ఆశ ఉన్నది డాక్టరమ్మా" అన్నాడు నాయిన. "నాకేమో బిడ్డ ఉండాలెనని ఉన్నది. ఏది చెయ్యాల్నో తెల్వలే."

ఆమె నన్ను అటు తిప్పి కూర్చోబెట్టింది. నా వీపు మీద, ఛాతీ మీద గొట్టం పెట్టి వింది. ఊపిరి తీయమంది, వదలమంది. ఆ కాసేపట్లో ఆ చాప పొగ నా ముక్కుకు తగిలింది.

"ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఇది క్షయ కాదు."

నేను ఆ మాట ఆమెను అడగలేదు. నా ముఖంలో చదివినట్టుంది.

పేగుల్లో కొంకి పురుగులున్నాయని, నెత్తురు అవి తాగుతున్నాయని, అలా నెత్తురు తగ్గినవాళ్లకు మట్టి, సున్నం తినాలనిపిస్తుందని చెప్పింది; నేను తల అడ్డంగా ఊపింది అప్పుడే. చెప్పులు లేకుండా పొలం గట్లకు పోయేవాళ్లకు అరికాళ్ల నుంచి ఎక్కుతాయట. అవ్వ తన అరికాళ్లు తిప్పి చూసుకుంది.

డాక్టరమ్మ నా ట్రైనింగు కాగితం చేతిలోకి తీసుకుంది. "దీన్ని చింపను, సంతకమూ పెట్టను. ఇప్పుడు పంపితే అక్కడి మెట్ల మీదే పడిపోతావు. దసరా లోపల రా. చుక్క పైకి ఎక్కితే పెడతాను, ఎక్కకపోతే నీ చోటు ఇంకో పిల్లకి ఇమ్మని రాస్తాను." కాగితం సొరుగులో పెట్టింది. ఆ సొరుగు మూసిన చప్పుడు నాలుగు నెలలు నాతోనే ఉంది.

వానాకాలం

పురుగుల మందు తాగిన రోజు గురించి ఏమీ రాయను. ఆ రోజు నేనూ, మా పెరడూ మాత్రమే ఎరుగుదుం. ఆ తర్వాత ఇనుప మందు. తుప్పు పట్టిన మొలను నానబెట్టి తాగినట్టుండేది, పళ్లు నల్లబడేవి. "పండ్లు నల్లగైనయ్, ఇగ పెండ్లెవడు జేసుకుంటడు" అని అవ్వ తిడుతూనే రోజూ తానే చెంచా తెచ్చి నోట్లో పోసేది. నాయిన వారానికోసారి కార్జం తెచ్చేవాడు, మేకదో గొర్రెదో. ఇంట్లో ఎవరూ దాని మీద చెయ్యి వేయడానికి వీల్లేదు.

చెప్పులు కుట్టించాడు. ఊళ్లో ఒకటే చిక్కు వచ్చింది. దొర ఉండే గడి, అంటే ఆ కోట లాంటి ఇంటి ముందర, మావాళ్లెవరూ చెప్పులతో నడవకూడదు. గడి దాకా తొడుక్కుని, అక్కడ చేతిలో పట్టుకుని, దాటాక మళ్లీ తొడుక్కునేదాన్ని. పురుగులకు ఆ సంగతి తెలిస్తే అక్కడే కాపు కాసేవి. నాలుగు వారాలయ్యాక ఆ దారే మానేసి, చేను చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టాను. దూరం ఎక్కువే, కాని చెప్పులు కాళ్లకే ఉండేవి.

తూకం చూడడానికి నాయిన తన దారి తాను కనిపెట్టాడు. ఉన్ని తూచే పెద్ద తక్కెడ ఉంది, దూలానికి వేలాడగట్టి ఒకవైపు గొంగడి ఉయ్యాల కట్టేవాడు. నేను అందులో కూర్చోవాలి, అటువైపు రాళ్లు. పదిహేను రోజులకోసారి. మొదటిసారి సిగ్గుతో గొంగట్లో తల దాచుకున్నాను. రెండోసారికి వాడకట్టంతా వచ్చింది. మూడోసారికి వాళ్లూ తూగుతామన్నారు. ఒక ముసలమ్మ ఉయ్యాల ఎక్కి దిగనంది. "ఊపురా జర, గిట్ల పుట్టి ఎరుగ!"

నేను ప్రతిసారీ డైరీలో రాసుకున్నాను. మొదట అరసేరు. తర్వాత ఏమీ లేదు. ఆ తర్వాత ఒక్కసారే సేరున్నర. నాయిన రాళ్లు మళ్లీ లెక్కపెట్టి, తనకు నమ్మకం కుదరక మళ్లీ తూచాడు.

బడి తెరిచినా నేను ఇంట్లోనే ఉండిపోయాను కాబట్టి పంతులమ్మ బడి నుంచి పుస్తకాలు పంపేది, లోపల చీటీ పెట్టేది. ఒక చీటీలో ఇలా ఉంది: "పిల్లలు నిన్ను అడుగుతున్నారు. నువ్వు పోయినప్పటి నుంచి ఎలుకలు బలపాలు ముట్టడం లేదు. అవి కూడా మీ ఊరికే వచ్చాయా?" ఆమెకు తెలుసో తెలియదో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆ చీటీ చదివినప్పుడే గుర్తొచ్చింది, బలపం తినాలనే కోరిక ఎప్పుడో పోయింది. ఎప్పుడు పోయిందో కూడా తెలియదు.

దసరాకు ముందు

మళ్లీ అదే బల్ల, అదే గడియారం. ఈసారి ఎవరూ ఏమీ తాగలేదు. వేలు పొడిచినప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. నాయిన లెక్కపెడుతున్నాడు, నాకు వినబడుతోంది. "ఒకటి ఎక్కింది... రెండు... మూడు... ఆగింది."

కళ్లు తెరిచాను. గోరింటాకు మర్నాటి రంగు.

"ఇంకా రెండు గడులు తక్కువే" అంది డాక్టరమ్మ. ఆమె సొరుగు తీసింది. "కానీ ఎక్కుతోంది. నాకు అది చాలు." సంతకం పెట్టి, సిరా ఆరడానికి ఊదింది.

అప్పుడు నాకు ఎక్కడి నుంచి ధైర్యం వచ్చిందో, ఇకమీదట ఏటేటా ఏవేవి చూపించుకోవాలని అడిగాను. ఆమె చెప్పింది, నేను రాసుకున్నాను. తూకం చూసుకోవాలి, కాని ఒక్కనాటి తూకం మూగదట, పోయిన ఏటి తూకం పక్కన పెడితేనే మాట్లాడుతుందట. నాడి ఊరికే కూర్చున్నప్పుడు ఎంత కొట్టుకుంటుందో తెలిసి ఉండాలి. నెత్తురు రంగు, ఛాతీ చప్పుడు, చూపు, పళ్లు, మూత్రంలో చక్కెర చూపించుకోవాలి. పెద్దవాళ్లయితే నెత్తురు పోటు. అన్నింటికంటే ముందు, అడిగినదానికి నిజం చెప్పాలి. ఆ మాట దగ్గర నా కలం కాసేపు ఆగింది.

పెద్దవాళ్లు అనగానే ఆమె అవ్వ చేతికి పట్టీ చుట్టింది. "నా చెయ్యి పిసుకుతాంది, పిసుకుతాంది!" అని అవ్వ అరిచింది. పాదరసం చూసి డాక్టరమ్మ కనుబొమలెత్తింది. "మామ్మగారూ, మీరు ఉప్పు తగ్గించాలి."

"ఉప్పు లేని బువ్వ గొర్రె గూడ ముట్టది" అంది అవ్వ. నాయిన చాలా ఏళ్ల తర్వాత గట్టిగా నవ్వాడు.

మూడో రోజున మహబూబ్‌నగరం స్టేషనులో రైలెక్కాను. నాయిన కొత్త గొంగడి మడత నా పక్కన పెట్టి, దిగి, కిటికీ కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. అవ్వ నన్ను పంపడం ఇష్టం లేదని పొద్దున్నుంచి మాట్లాడలేదు. కూత వేశాక మాత్రం గబగబా వచ్చి కిటికీలోంచి నా మణికట్టు పట్టుకుంది.

"పోతే పోయినవ్ గని, కార్డు ముక్క రాస్తుండు. నాకు సదువ రాదు. అయినా నీ అచ్చరాలు బక్కవడ్డయంటే నాకు ఎర్కయితది."